మూసారాంబాగ్‌లో మూసారాం ఎవరు?

మెట్రోలో అమీర్‌పేట నించి ఎల్బీనగర్ వైపు వెళ్తుంటే, న్యూమార్కెట్ దాటగానే ఓ అమ్మాయి గొంతు "మూసారాంబాగ్" అని చెప్తుంది. చదువైపోయి ఉద్యోగం వేటలో ఉన్న రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో పదకొండు నెలలున్నాను. ఆ గొంతు కనీసం నాలుగైదు వందల సార్లు విని ఉంటా. ఒక్కసారంటే ఒక్కసారి కూడా "ఎవరీ మూసారాం?" అన్న అనుమానం రాలేదు. పక్కనే మూసీ ఉంది కాబట్టి మూసీ ఒడ్డున రాముడి తోట ఏదో ఉండేదేమో అనుకున్నా. మా రూమ్మేటు ఇంకో మెట్టు పైకెళ్ళి "మూసారాం అని మార్వాడీ సేఠు ఉండేవాడు మామా, ఈ భూములన్నీ ఆయనవే" అని ఖరాఖండిగా చెప్పేశాడు. వాడికి ప్రతి ఏరియాకీ ఓ సేఠు రెడీగా ఉంటాడు లెండి.

తెలిసింది ఎలాగంటే, ఓ ఫ్రెంచి ఆయన వల్ల. ఇప్పుడు నేను చేస్తున్న ప్రాజెక్టుకి క్లయింటు ఫ్రెంచివాళ్ళు. అటునించి ఒకాయన వారం రోజుల పని మీద వచ్చాడు. వచ్చిన మొదటిరోజే భోజనాల దగ్గర, "మీ ఊళ్ళో మా వాడి సమాధి ఒకటుందట, చూపిస్తావా?" అన్నాడు. ఎవరిది సార్ అంటే "మస్యో రేమోఁ" అన్నాడు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. మస్యో రేమోఁ. మూడోసారి చెప్తుంటే చెవిలో మెట్రో అమ్మాయి గొంతు వినబడింది. మస్యో రేమోఁ... మూసా రాము... మూసారాం! చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. మా రూమ్మేటు సేఠు ఆ క్షణంలో చచ్చిపోయాడు :-)

ఆ వారమంతా మీటింగుల్లోనే సరిపోయింది. ఆయన చార్మినార్ కూడా చూడకుండా విమానం ఎక్కేశాడు. "ఫోటో అయినా పంపించు" అన్నాడు వెళ్తూ. సరే, మాటిచ్చాం కదా అని ఓ ఆదివారం పొద్దున్నే బయల్దేరా. గచ్చిబౌలి నించి అక్కడికి రావడానికి గంటన్నర పట్టింది. మెట్రో దిగి ఆటో అతన్ని "రేమండ్ సమాధి" అంటే తెలీదన్నాడు. "కొండమీద నల్ల స్తంభం" అన్నా. "ఆ, గుట్ట! టీవీ టవర్ కాడ" అన్నాడు వెంటనే.

కొండ అన్నానని పెద్దగా ఊహించుకోకండి. మా కడప జిల్లావాళ్ళు దాన్ని కొండ అంటే నవ్వుతారు. గుట్టే. ఇళ్ళమధ్యలోంచి, బైకులు పెట్టున్న సందులోంచి, ఓ కిరాణాకొట్టు పక్కనించి పైకెక్కితే పది నిమిషాలు కూడా పట్టదు. కానీ కుర్చీలో కూచుని కూచుని పాడైపోయిన శరీరం కదా, సగంలోనే ఆయాసం వచ్చింది. దార్లో నలుగురు పిల్లలు టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడుతున్నారు. వికెట్లకి బదులు ఓ బండరాయి. "అంకుల్, బాల్ ఇవ్వండి" అన్నాడొకడు. ఇంకా ముప్పై కూడా నిండని నన్ను అంకుల్ అన్నందుకు బాల్ ఇవ్వాలనిపించలేదు గానీ ఇచ్చేశా.

పైకెళ్ళాక మాత్రం నిజంగా ఆగిపోయాను. చుట్టూ ఇళ్ళు, నీళ్ళ ట్యాంకులు, కేబుల్ వైర్లు. వాటి మధ్యలో ఓ విశాలమైన చదునైన అరుగు. అరుగు మీద నల్లరాతి స్తంభం, పైకి పోనుపోను సన్నబడుతూ, ఏడు మీటర్ల ఎత్తు ఉంటుంది. గుమ్మటం లేదు, మీనారు లేదు, శిలువ లేదు. ఈజిప్టు బొమ్మల్లో చూసే రకం స్తంభం. దాని మీద పొడి అక్షరాలు రెండే రెండు, ఇంగ్లీషులో జె, ఆర్. జొయాకిం రేమండ్ అన్నమాట. అసలు పూర్తి పేరు మిషెల్ జొయాకిం మారీ రేమండ్. దాని ముందు గ్రీకు గుడిలా స్తంభాల మండపం ఒకటి ఉంది. పాత మండపం 2001లో వానలకి కూలిపోతే తరవాత మళ్ళీ కట్టింది ఇది. హైదరాబాదులో ఇన్ని సమాధులు చూశాం, కుతుబ్‌షాహీలవి, పైగా వాళ్ళవి. ఈ రకం ఇంకోటి నేను చూళ్ళేదు.

ఫోటోలు తీసుకుని వచ్చేద్దామనే వెళ్ళా. కానీ అక్కడే కూచుని ఫోన్లో చదవడం మొదలెట్టా. ఇంటికొచ్చాక పుస్తకాలు వెతుక్కున్నా. అలా రెండు నెలలు గడిచాయి. చదివిందాంట్లో నన్ను పట్టుకున్న ముక్క ఒకటుంది, దానికి తరవాత వస్తా. ముందు మనిషి సంగతి.

రేమండ్ 1755లో దక్షిణ ఫ్రాన్సులో ఓ వ్యాపారి ఇంట్లో పుట్టాడు. ఇరవై ఏళ్ళ వయసులో, 1775లో, పాండిచ్చేరి వచ్చాడు. వచ్చింది యుద్ధం చెయ్యడానికి కాదు, దుకాణం పెట్టుకోవడానికి. సరుకులమ్ముకుందామని వచ్చినవాడు కొన్నాళ్ళకి మైసూరు వైపు పనిచేస్తున్న ఓ ఫ్రెంచి దళంలో చేరిపోయాడు. 1783లో బుస్సీ దొర మళ్ళీ ఇండియాకి వస్తే ఆయన దగ్గర సహాయకుడిగా కుదిరాడు.

ఇక్కడొక్క నిమిషం ఆగాలి. బుస్సీ అంటే మనకి ఇంకెవరో కాదు, బొబ్బిలి యుద్ధం బుస్సీ! 1757 జనవరిలో విజయనగరం రాజు మాట పట్టుకుని బొబ్బిలి కోట మీదకి ఫిరంగులు తెచ్చిన బుస్సీ. తాండ్ర పాపారాయుడి కథ చెప్పిన ప్రతి బుర్రకథలోనూ తిట్లు తిన్న బుస్సీ. ఆ బుస్సీయే పాతికేళ్ళ తరవాత ముసలాడై, రోగాలతో తిరిగొచ్చి 1785లో పాండిచ్చేరిలో పోయాడు. మన హైస్కూలు పాఠాల్లో బొబ్బిలి ఒక అధ్యాయం, నిజాం ఇంకో అధ్యాయం, టిప్పు మూడో అధ్యాయం. వేరే వేరే టేబుల్స్‌లా ఉంటాయి, మధ్యలో జాయిన్ ఎవరూ రాయరు. మధ్యలో ఇలాంటి మనుషులు ఉంటారని పరీక్షలకి అవసరం లేదు కదా.

బుస్సీ పోయాక రేమండ్ హైదరాబాదు వచ్చి నిజాం అలీ ఖాన్ కొలువులో చేరాడు. రెండో అసఫ్ జా ఆయన, 1762 నించి 1803 దాకా ఏలాడు. రేమండ్ మొదలెట్టింది మూడొందల మందితో. వాళ్ళకి సొంత తుపాకులు కూడా లేవట. ఒక్కో తుపాకీ నెలకి అర్ధరూపాయి చొప్పున ఓ వర్తకుడి దగ్గర అద్దెకి తెచ్చేవాడని పాత పుస్తకాల్లో రాశారు. ఇది చదివి చాలాసేపు నవ్వుకున్నా. సర్వర్లు అద్దెకి తీసుకుని స్టార్టప్ పెట్టడం మన కాలంలో కనిపెట్టిన సంగతి అనుకుంటాం.

పదేళ్ళలో ఆ మూడొందలు పదివేలు దాటాయి. చనిపోయేనాటికి పధ్నాలుగు వేల దాకా ఉన్నారని లెక్క. సిపాయిలు ఇక్కడివాళ్ళు, ఆఫీసర్లు ఫ్రెంచివాళ్ళు, కవాతు యూరోపు పద్ధతి. ఫ్రాన్సులో విప్లవం వచ్చి రాజు తల తీసేశాక ఈ దండు మూడు రంగుల విప్లవ జెండా పట్టుకుని హైదరాబాదులో కవాతు చేసేది. ఆలోచించండి, ఓ పక్క నిజాం దర్బారులో నజరానాలు, సలాములు. ఇంకో పక్క ఆయన సొంత సైన్యం చేతిలో రాజుల్ని దించేసినవాళ్ళ జెండా! నిజాంకి దానర్థం తెలిసే ఊరుకున్నాడా, జీతం పుచ్చుకునేవాడు ఏ గుడ్డ పట్టుకుంటేనేం అనుకున్నాడా అన్నది నాకు ఎంత చదివినా తేలని ప్రశ్న.

ఫిరంగులు పోతపొయ్యడానికి రేమండ్ పెట్టించిన కొలిమే మన గన్‌ఫౌండ్రీ. 1786 నాటిది. ఉర్దూలో తోప్ కా సాంచా. అబిడ్స్ వెళ్ళేటప్పుడు బస్సు కండక్టరు "గన్‌ఫౌండ్రీ" అని అరిచేవాడంటే అది రేమండ్ దొర పుణ్యమే. ఏసీ గార్డ్స్ కూడా అంతే. అక్కడ చల్లదనం ఏమీ లేదు, అబిసీనియన్ క్యావల్రీ గార్డ్స్, అంటే ఆఫ్రికా నించి వచ్చిన నిజాం అశ్వికదళం ఉన్న చోటు. హైదరాబాదులో స్టాపుల పేర్లన్నీ రాసుకుని ఒక్కోటీ విప్పుకుంటూ పోతే సగం చరిత్ర పుస్తకం తయారవుతుంది.

నిజాం ఆయనకి అజ్దర్ జంగ్ అని బిరుదిచ్చాడు. యుద్ధంలో మహాసర్పం లాంటివాడు అని. కానీ జనానికి అంత పెద్ద బిరుదు ఎందుకు? ముసల్మానులు మూసా రహీం అన్నారట, హిందువులు మూసా రాం అన్నారట. ఎవరి దేవుణ్ణి వాళ్ళు తగిలించుకున్నారు. రెండూ ఒక్క మనిషి పేరే. ఆయన తోట ఉన్న చోటు మూసారాంబాగ్. మా సీమలో కూడా ఇలాంటిది ఒకటుంది. మన్రో దొర పేరుమీద మన్రోలప్ప అని పిల్లలకి పేరు పెట్టుకున్నారు. పరాయి పేరు నోట్లో వేసుకుని నమిలి నమిలి మన పేరు చేసేసుకోవడంలో మనవాళ్ళని మించినవాళ్ళు లేరు.

సరే, ఇంక యుద్ధాల్లోకి. ఎక్కువ లాగను.

1795 మార్చిలో ఖర్దా దగ్గర (ఇప్పటి మహారాష్ట్ర) నిజాంకీ మరాఠాలకీ యుద్ధం. చౌత్ బకాయిల గొడవ. రేమండ్ పటాలాలు ఇటు, సింధియా పంపిన ఫ్రెంచి శిక్షణ పటాలాలు అటు. అంటే రెండు వైపులా ఫ్రెంచి కవాతే, ఒకే కోచింగ్ సెంటర్ నించి వచ్చిన రెండు బ్యాచ్‌లు కొట్టుకున్నట్టు. నిజాం తరఫున ఆడవాళ్ళ పటాలం కూడా అక్కడుంది, జఫర్ పల్టన్ అని. రేమండ్ దళం నిలబడే ఉన్నా, నిజాం వెనక్కి తగ్గి కోటలో దూరడంతో అంతా పోయింది. కోటలో నీళ్ళు కూడా లేవు. దౌలతాబాదు ఇచ్చి, మూడు కోట్ల రూపాయలకి ఒప్పుకుని, మంత్రి అరస్తూజాని పూనాకి బందీగా పంపి బయటపడ్డాడు.

ఈ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు సాయానికి రాలేదు. గవర్నర్ జనరల్ జాన్ షోర్ "మేం తటస్థం" అని కూచున్నాడు. నిజాంకి ఒళ్ళు మండిపోయి, తన దగ్గరున్న ఇంగ్లీషు పటాలాల్ని పొమ్మన్నాడు. అదే ఏడాది సొంత కొడుకు అలీ జా బీదర్ దగ్గర తిరగబడ్డాడు. అణచమని పంపింది రేమండ్‌నే. పట్టుకున్నాడు కూడా. తీసుకొస్తుంటే దారిలో అలీ జా విషం తిని చనిపోయాడు. ఇక్కణ్ణించీ రేమండ్ మాటకి హైదరాబాదులో తిరుగులేదు.

ఇప్పుడు నన్ను పట్టుకున్న ముక్క. కడప.

పదివేల సైన్యానికి నెల నెలా జీతాలివ్వాలంటే డబ్బెక్కణ్ణించి రావాలి? ఖజానాలో నించి తీసివ్వడం ఆ కాలపు పద్ధతి కాదు. "ఫలానా సీమ నీకిస్తున్నా, అక్కడి శిస్తు వసూలు చేసుకుని నీ సైన్యాన్ని పోషించుకో" అనేవాళ్ళు. 1792లో శ్రీరంగపట్నం సంధిలో టిప్పు నించి నిజాంకి కడప సీమ వచ్చింది. నిజాం దాన్ని రేమండ్‌కి జాగీరుగా రాసిచ్చేశాడు!

ఈ వాక్యం చదివినప్పుడు రాత్రి పన్నెండున్నర అయింది. లేచి రెండుసార్లు గదిలో తిరిగా. నేను పుట్టిందీ పెరిగిందీ ప్రొద్దుటూరు దగ్గరో పల్లె. పదో తరగతి దాకా అక్కడే. కడప నవాబుల గురించి విన్నాం, హైదర్ అలీ గురించి విన్నాం. సిద్ధవటం కోటకి ఎక్స్‌కర్షన్ తీసుకెళ్ళారు, పులిహోర తిన్నాం. ఓ ఫ్రెంచివాడు మా జాగీర్దారు అని ఒక్క మేష్టారూ చెప్పలేదు. మా ఊరి చేలల్లో పండిన జొన్నల మీద శిస్తు ఎక్కణ్ణించో వచ్చిన దుకాణదారుడి సైన్యానికి జీతాలైందన్నమాట. ఆ జీతాలు తీసుకున్న సిపాయిలు మూసారాంబాగ్‌లో కవాతు చేశారు. రెండొందల పాతికేళ్ళ తరవాత నేను అదే మూసారాంబాగ్ పక్కన హాస్టల్లో కూచుని జావా నేర్చుకున్నా.

మద్రాసు ఇంగ్లీషువాళ్ళకి ఇది నిద్రపట్టనివ్వలేదు. కడపలో ఫ్రెంచి దండు అంటే మద్రాసు గుమ్మంలో ఉన్నట్టే. 1795లో కడప మీదకి సైన్యాన్ని కూడా సిద్ధం చేశారు. చివరికి నిజాం రేమండ్ మనుషుల్ని వెనక్కి రమ్మనడంతో అది ఆగింది. లేకపోతే ఇంగ్లీషు, ఫ్రెంచి యుద్ధం ఒకటి మా ఊరి పెన్నా గట్టున జరిగేదే. ఆ సీమ సంగతి చూడండి: 1779లో నవాబు నించి హైదర్ చేతికి, 1792లో టిప్పు నించి నిజాం చేతికి, అక్కణ్ణించి రేమండ్ చేతికి, మళ్ళీ వెనక్కి. రైతు మాత్రం అదే రైతు. శిస్తు పుస్తకంలో పై పేరు మారుతుంటుందంతే.

1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు. నలభై మూడేళ్ళు కూడా నిండలేదు. విషం పెట్టారని ఊళ్ళో గుసగుసలు. ఎవరు పెట్టారు, అసలు పెట్టారా అన్నదానికి సాక్ష్యం లేదు. కాబట్టి నేను ఆ గుసగుసల్ని నమ్మను. మన సినిమాల ప్రభావమేమో గానీ, చరిత్రలో వయసులో పోయినవాడు ఎవడైనా సరే కుట్రతోనే పోవాలని మనకి పట్టుదల. జ్వరాలకి చచ్చిన దొరలు ఆ రోజుల్లో కోకొల్లలు.

కానీ ఆ చావు వచ్చిన సమయం మాత్రం... రెండు నెలలు కూడా కాకుండానే, మే నెలలో వెల్లస్లీ కలకత్తాలో గవర్నర్ జనరల్‌గా దిగాడు. షోర్ లాంటి మనిషి కాదు. ఫ్రెంచివాళ్ళ నీడ కూడా ఇండియాలో ఉండకూడదన్నవాడు. ఇటు హైదరాబాదులో రేమండ్ స్థానంలో వచ్చిన పిరాన్‌కి అంత పలుకుబడీ లేదు, అంత చాకచక్యమూ లేదు. పూనా నించి తిరిగొచ్చిన మంత్రి అరస్తూజా ఇంగ్లీషువాళ్ళ పక్షం. రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ (ఖైరున్నీసా ప్రేమకథ వల్ల మీకు తెలిసే ఉంటాడు) చక్రం తిప్పాడు. సెప్టెంబరు 1న ఒప్పందం అయిపోయింది. నిజాం ఆరు పటాలాల ఇంగ్లీషు సైన్యాన్ని, అంటే ఆరువేల మందిని పెట్టుకోవాలి, ఏడాదికి 24,17,100 రూపాయలు కట్టాలి, ఫ్రెంచి దండుని తీసెయ్యాలి. నెలకి లెక్కేస్తే సరిగ్గా 2,01,425 రూపాయలు. పైసా తేడా లేకుండా బిల్లింగ్!

దీన్నే సైన్యసహకార ఒప్పందం అని తొమ్మిదో తరగతిలో బట్టీ పట్టాం. ఇప్పుడు చదివితే వేరేలా అర్థమైంది. రేమండ్ సైన్యం కూడా అద్దె సైన్యమే. కానీ దాని తాళం నిజాం చేతిలో ఉండేది, వద్దనుకుంటే తీసెయ్యొచ్చు (తీసేశాడు కూడా). ఇంగ్లీషు సైన్యాన్ని తీసెయ్యడం కుదరదు. నీ ఇంట్లోనే ఉంటుంది, నీ డబ్బుతోనే తింటుంది, నీ మాట మాత్రం వినదు. వెండర్ లాకిన్ అంటే ఏమిటో కొత్తగా చేరిన పిల్లలకి చెప్పాల్సొస్తే నేనిప్పుడు ఈ ఉదాహరణే చెప్తున్నా.

అక్టోబరు 22న ఆ పని జరిగింది. అంతకు ముందురోజే జీతం బకాయిల కోసం సిపాయిలు తిరగబడి సొంత ఫ్రెంచి ఆఫీసర్లనే నిర్బంధించారు. మాట్లాడ్డానికి వెళ్ళిన మాల్కం అనే కుర్ర ఇంగ్లీషు ఆఫీసర్ని కూడా గుంపు చుట్టుముట్టింది. అతన్ని కాపాడింది ఎవరో తెలుసా? ఒకప్పుడు అతని కంపెనీలోనే పనిచేసి, పారిపోయి ఫ్రెంచి దండులో చేరిన సిపాయిలు. పాత మేనేజరు మంచివాడైతే ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాడు అనుకుంటాం, ఇక్కడ తిరగబడింది. మర్నాడు చుట్టూ ఫిరంగులు పెట్టి ఆయుధాలు దింపమన్నారు. దింపేశారు. పదివేలకి పైగా సైన్యం, ఇరవై నాలుగు గంటల్లో, ఒక్క నెత్తుటి చుక్క పడకుండా మాయమైపోయింది. గుట్ట మీద రేమండ్‌ని పాతిపెట్టి అప్పటికి ఏడు నెలలే.

ఆ సిపాయిలు తరవాత ఎటు పోయారు? కిర్క్‌పాట్రిక్ ఉత్తరాలున్నాయి, వెల్లస్లీ ఉత్తరాలున్నాయి, మాల్కం జీవితచరిత్ర ఉంది. బకాయి జీతం కోసం కేకలేసిన సిపాయి రాసుకున్న ముక్క ఒక్కటీ నాకు దొరకలేదు. వాళ్ళలో మా వైపు వాళ్ళు ఎంతమందో.

ఆ తరవాత అంతా దొర్లింది. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయి టిప్పు చనిపోయాడు. నిజాంకి వాటాగా గుత్తి, గుర్రంకొండ వచ్చాయి. వచ్చి ఏడాదిన్నర కాలేదు, 1800 అక్టోబరు 12న ఇంకో ఒప్పందం. సైన్యం ఖర్చు కింద నగదు కట్టే బదులు, 1792లోనూ 1799లోనూ మైసూరు నించి వచ్చిన సీమంతా కంపెనీకి రాసిచ్చెయ్యాలి. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో చాలా భాగం. ఇచ్చేసిన సీమ. ఇంగ్లీషులో సీడెడ్. తెలుగులో దత్తమండలం.

ఈ మాట నేను మొదట విన్నది మా జేజినాయన నోట. చిన్నప్పుడు ఎవరన్నా "మీదేవూరు" అంటే ఆయన "మాది దత్తమండలం నాయనా" అనేవాడు. దత్తత పోయిన మండలం అనుకునేవాణ్ణి, ఎవరో పెంచుకున్నారేమో అని. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు ఆ పేరు మార్చి రాయలసీమ అన్నారు. ఎవడో ఎవడికో ధారాదత్తం చేసిన పేరు మాకెందుకని అందరూ ఒప్పుకున్నారు. పుస్తకాల్లో, ప్రభుత్వ కాగితాల్లో దత్తమండలం పోయింది. కానీ ఒక్కచోట పోలేదు, గమనించారా? ఏ కొత్త సినిమా వచ్చినా మొదటి రోజు వసూళ్ళు చూడండి. నైజాం ఇంత, సీడెడ్ ఇంత. నిజాం పోయి, కంపెనీ పోయి, రాష్ట్రాలు రెండైనా, 1800లో కుదిరిన ఆ ఒప్పందం సినిమా డిస్ట్రిబ్యూటర్ల లెక్కల్లో ఇంకా అమల్లో ఉంది. ఫ్యాన్సు కొట్టుకునేది వెల్లస్లీ గీసిన గీత మీద.

గెలిచిన కిర్క్‌పాట్రిక్ కోఠీలో పెద్ద రెసిడెన్సీ కట్టాడు. ఖర్చు నిజాందే. దాని మీద ఓ కథ ఉంది. స్థలం ప్లాను పెద్ద కాగితం మీద గీసి తీసుకెళ్తే నిజాం కాదన్నాడట. అదే ప్లానుని చిన్న కార్డు మీద గీసి తీసుకెళ్తే సరే అన్నాడట. అంత పెద్ద కాగితం చూసి రాజ్యమంతా అడుగుతున్నారనుకున్నాడట పాపం. నలభై పేజీల డాక్యుమెంటు పంపి అనుమతి రాలేదని ఏడ్చే వాళ్ళందరూ గుర్తుపెట్టుకోవాల్సిన కథ. ఆ రెసిడెన్సీలోనే 1949 నించి కోఠీ ఉమెన్స్ కాలేజీ నడిచింది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుతో యూనివర్సిటీ. అయితే కిర్క్‌పాట్రిక్ 1805లో కలకత్తాలో పోయాడు, సమాధి అక్కడే. హైదరాబాదులో ఉండిపోయింది ఓడిపోయిన పక్షం వాడు.

జనం మాత్రం ఆయన్ని అంత తొందరగా వదల్లేదు. చనిపోయిన రోజున ఏటా గుట్టమీద దీపాలు పెట్టి ఉర్సు చేసేవాళ్ళు. పందొమ్మిదో శతాబ్దం పోయి ఇరవయ్యోది వచ్చాక కూడా కొన్నాళ్ళు నడిచిందట. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రతి ఏడూ ఆ రోజున సమాధికి ఓ చుట్టల పెట్టె, ఓ బీరు సీసా పంపేవాడని చెప్పుకుంటారు. ఏ దేవుడికి ఏది ఇష్టమో మనవాళ్ళకి బాగా తెలుసు. పోచమ్మకి కల్లు, వినాయకుడికి ఉండ్రాళ్ళు, మూసారాంకి చుట్ట.

రేమండ్‌ని నెత్తినెక్కించుకోవాల్సిన అవసరం ఉందని నేననుకోను. "ఇంగ్లీషువాళ్ళని ఎదిరించిన వీరుడు" అని కొందరు రాస్తారు. ఆయన కిరాయి సైనికుడు, మంచి కిరాయి సైనికుడు. నిజాం పక్షాన నిలిచాడు, అదే సమయంలో తన దేశం జెండా కూడా పట్టుకున్నాడు. కడప రైతు పక్షాన మాత్రం నిలవలేదు, నిలవమని ఎవరూ అడగలేదు కూడా. కానీ పదమూడేళ్ళు ఒక ఊళ్ళో పనిచేస్తే ఆ ఊరివాళ్ళు నీ పేరు తిరగరాసి తమలో కలిపేసుకోవడం, అది ఎంతమందికి దొరుకుతుంది? ఇది ఎందుకంటున్నానంటే, మా ప్రాజెక్టులో నన్ను కూడా పారిస్ వెళ్ళమంటున్నారు. మూడేళ్ళు. అమ్మ "మూడేళ్ళేనా?" అని రోజుకోసారి అడుగుతోంది. దుకాణం పెట్టుకుందామని వచ్చి ఇరవై మూడేళ్ళు ఉండి, వెనక్కి వెళ్ళకుండానే ఈ గుట్ట మీద పడుకున్నవాడి కథ ఆమెకి చెప్పలేదు. చెప్పను కూడా.

జేజినాయనకి చెప్పా, ఫోన్లో. ఎనభై నాలుగేళ్ళు, చెవులు కొంచెం మందం. మన కడపకి ఓ ఫ్రెంచి దొర జాగీర్దారట అని అరిచి అరిచి చెప్తే, అంతా విని "తీరువ ఎంత తీసుకునేవాడంట?" అని అడిగాడు. ఆ లెక్క నేను చూడలేదు జేజినాయనా అన్నా. "అది సూడకుండా ఏం సదివినావు రా" అన్నాడు. నిజమే. అన్ని పుస్తకాలు చదివి పటాలాలు లెక్కపెట్టా, ఫిరంగులు లెక్కపెట్టా, ఎకరానికి ఎంత కట్టారో వెతకాలని తోచలేదు.

వచ్చే నెల కంటి ఆపరేషన్‌కి ఇక్కడికొస్తున్నాడు. ఆ గుట్ట ఎక్కుతాడట. "ఎన్ని మెట్లున్నాయి?" అన్నాడు. లెక్కపెట్టలేదు. మళ్ళీ ఆదివారం వెళ్ళాలి.